ఉమ్మడి సర్వర్లపై వర్చువల్ మెషిన్లు: రద్దీ వేళ ఎవరి వంతు ముందు?

(ప్రత్యేక విశ్లేషణ)

దక్షిణ కొరియాలోని డేజియన్ నగరంలో గల జాతీయ సమాచార వనరుల సేవా సంస్థ డేటా సెంటర్‌లో 2025 సెప్టెంబరు 26వ తేదీన లిథియం బ్యాటరీలు అంటుకుని అగ్నిప్రమాదం సంభవించింది. దీని వల్ల 647 ప్రభుత్వ సమాచార వ్యవస్థలు నిలిచిపోయినట్లు ఆ దేశ ప్రభుత్వం తొలుత ప్రకటించింది. రెండు వారాలు గడవక ముందే ఆ సంఖ్యను 709గా సవరించవలసి వచ్చింది. ఏయే వ్యవస్థలు అక్కడ నడుస్తున్నవో నమోదు చేసి ఉంచే నిర్వహణ వ్యవస్థ సైతం అదే ప్రమాదంలో ఆగిపోవడమే ఇందుకు కారణం. అయినప్పటికీ పునరుద్ధరణ ఒక క్రమంలోనే సాగింది. ప్రభుత్వ వ్యవస్థలను ప్రాముఖ్యతను బట్టి నాలుగు శ్రేణులుగా అక్కడ ముందుగానే విభజించి ఉన్నందున మొదటి శ్రేణి సేవలపై ముందు దృష్టి పెట్టడం సాధ్యమైంది.

అగ్నిప్రమాదం ఎప్పుడో ఒకసారి జరిగేది. కాని "ముందు ఎవరికి?" అన్న ప్రశ్న మాత్రం ఉమ్మడి సర్వర్లు గల ప్రతి డేటా సెంటర్‌లోనూ ప్రతి సెకనుకు అనేక పర్యాయాలు తలెత్తుతూనే ఉంటుంది. ఒకే యంత్రంపై పది, ఇరవై శాఖల అప్లికేషన్లు నడుస్తున్నప్పుడు, అన్నీ ఒకేసారి పని కోరితే, ప్రాసెసర్ సమయాన్ని ఎవరికి ముందు ఇవ్వాలి, మెమొరీని ఎవరి నుంచి వెనుకకు తీసుకోవాలి అన్నది హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తానుగా ఎవరి పక్షమూ వహించదు. తనకు ఇచ్చిన అంకెలను అనుసరిస్తుంది. ఆ అంకెలను ఎవరు, ఎప్పుడు, ఏ ఉత్తర్వు ప్రకారం నమోదు చేశారన్నదే ఇక్కడ అసలు విషయం. చూడటానికి ఇది సాంకేతిక వ్యవహారంగా కనిపించినా నిజానికి ఇది పరిపాలనా నిర్ణయం.

కార్యాలయంలోని కంప్యూటరు నుంచి ఉమ్మడి సర్వర్ వరకు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణకై 'కార్డ్' పథకాన్ని ప్రవేశపెట్టినప్పుడు కంప్యూటర్లను ఆయా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలలోనే ఏర్పాటు చేయడం జరిగింది. ఒక చోట యంత్రం మొరాయిస్తే అక్కడి పని మాత్రమే ఆగేది. పక్క కార్యాలయానికి ఆ సంగతి తెలియవలసిన అవసరం కూడా ఉండేది కాదు. 2006లో కేంద్ర ప్రభుత్వం జాతీయ ఈ-గవర్నెన్స్ ప్రణాళికను, 2008లో రాష్ట్ర డేటా సెంటర్ల పథకాన్ని ఆమోదించిన తరువాత శాఖల అప్లికేషన్లను ఒకే చోటుకు చేర్చే విధానం దేశమంతటా ఊపందుకున్నది. 2011లో మీసేవ ప్రారంభంతో అనేక శాఖల ధ్రువపత్రాలు ఒకే కౌంటరుకు వచ్చాయి. 2014లో 'మేఘరాజ్' పేరిట జాతీయ క్లౌడ్ సేవలు మొదలయ్యాయి.

ఈ కేంద్రీకరణ వెనుక గల లెక్క సులభమైనది. ఒక శాఖకు ఒక సర్వర్ చొప్పున కొనుగోలు చేస్తే అది రోజులో అధిక భాగం ఖాళీగా ఉంటుంది. పరీక్షా ఫలితాల సర్వర్‌కు సంవత్సరంలో కొన్ని రోజులే పని, జీతాల బిల్లుల అప్లికేషన్‌కు నెలాఖరులోనే ఒత్తిడి. వీటన్నిటినీ ఒకే యంత్రంపై వేర్వేరు వర్చువల్ మెషిన్లుగా నడిపితే ఒకరి ఖాళీ సమయం మరొకరికి ఉపయోగపడుతుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. ఐబీఎం సంస్థ 1960 దశకంలోనే దీనిని ప్రయోగాత్మకంగా అమలుపరచి 1972లో వీఎం/370 పేరిట విపణిలోకి తెచ్చింది. సాధారణ సర్వర్లకు ఈ పరిజ్ఞానాన్ని వీఎంవేర్ సంస్థ 2001లో ఈఎస్ఎక్స్ సర్వర్ ద్వారా అందించగా, 2003లో జెన్, 2007లో లినక్స్ కెర్నెల్‌లో భాగంగా కేవీఎం అందుబాటులోకి వచ్చాయి.

ఉన్నదానికన్నా ఎక్కువ పంచడం

32 కోర్లు గల హోస్టు సర్వర్‌పై మొత్తం 128 వర్చువల్ ప్రాసెసర్లు కేటాయించి ఉండటం అసాధారణమేమీ కాదు. అంటే ఒక కోర్‌కు నలుగురు వాటాదారులు. దీనినే ఓవర్‌కమిట్‌మెంట్ అంటారు. ఈ మాట వినగానే అక్రమం జరిగినట్లు భావించనవసరం లేదు. కృష్ణా జలాలను 75 శాతం ఆధారనీయత ప్రాతిపదికన 2,060 టీఎంసీలుగా బచావత్ ట్రైబ్యునల్ లెక్కించిన విషయం నీటిపారుదల అధికారులకు సుపరిచితమే. నాలుగేళ్లలో మూడేళ్లు ఆ మేరకు నీరు లభిస్తుందని, ఒక ఏడాది లోటు తప్పకపోవచ్చునని అంగీకరించిన తరువాతే ఆ పంపకం జరిగింది. సర్వర్ విషయంలోనూ అంతే. ఉన్నదానికన్నా ఎక్కువ పంచడం తప్పు కాదు. లోటు ఏర్పడిన వేళ ఎవరికి ఎంత అన్నది ముందుగా రాసి పెట్టుకోకపోవడమే తప్పు.

లోటు వేళ పంపకానికి హైపర్‌వైజర్లలో ప్రధానంగా మూడు సాధనాలున్నాయి: షేర్లు, రిజర్వేషన్, లిమిట్. వీటి పేర్లు ఒక్కొక్క ఉత్పత్తిలో ఒక్కొక్క విధంగా ఉంటాయి. జెన్‌లో షేర్లను వెయిట్ అని, లిమిట్‌ను క్యాప్ అని పిలుస్తారు. అక్కడ ఏ మార్పూ చేయకపోతే ప్రతి మెషిన్‌కు వెయిట్ 256గా ఉంటుంది. కేవీఎం నడిచే లినక్స్‌లో నేటి పద్ధతి ప్రకారం ఈ సంఖ్య 100. సూత్రం మాత్రం అన్నిటా ఒకటే కనుక ప్రభుత్వ, ప్రైవేటు డేటా సెంటర్లలో విస్తృతంగా వాడుకలో ఉన్న వీఎంవేర్ పరిభాషలోనే ఇక్కడ వివరించడమైనది.

షేర్లు అనేవి కేవలం నిష్పత్తి. ఎక్కువ, సాధారణం, తక్కువ అనే మూడు స్థాయిలు 4:2:1 నిష్పత్తిలో ఉంటాయి. ప్రాసెసర్ విషయంలో ఒక్కొక్క వర్చువల్ ప్రాసెసర్‌కు వరుసగా 2000, 1000, 500 షేర్లు లభిస్తాయి. ఉదాహరణకు 42 గిగాహెర్ట్జ్ సామర్థ్యం గల సర్వర్‌పై 12 వర్చువల్ ప్రాసెసర్ల చొప్పున గల మూడు మెషిన్లు ఉన్నాయని అనుకుందాం. రిజిస్ట్రేషన్ల మెషిన్‌కు ఎక్కువ స్థాయి, ధ్రువపత్రాల మెషిన్‌కు సాధారణ స్థాయి, పరీక్షా దశలోని మరొక మెషిన్‌కు తక్కువ స్థాయి ఇచ్చారు. మూడూ పూర్తి పని కోరిన క్షణంలో వాటికి 24, 12, 6 గిగాహెర్ట్జ్ చొప్పున లభిస్తుంది. సాయంత్రం రిజిస్ట్రేషన్లు ముగిసి ఆ మెషిన్ ఖాళీగా ఉంటే మిగిలిన రెండూ 28, 14 చొప్పున పంచుకుంటాయి. ఎవరి వాటా ఎవరికీ వృథా కాదు. పోటీ లేనప్పుడు షేర్లకు అర్థమే ఉండదు. లోటు ఏర్పడినప్పుడే అవి పని చేస్తాయి.

అయితే ఇక్కడే ఒక మెలిక కలదు. అదే సర్వర్‌పైకి సాధారణ స్థాయి గల నాలుగో మెషిన్‌ను అదే పరిమాణంలో చేర్చారనుకుందాం. రిజిస్ట్రేషన్ల మెషిన్ అమరికలను ఎవరూ ముట్టుకోలేదు. దాని స్థాయి ఇప్పటికీ 'ఎక్కువ'గానే ఉన్నది. కాని రద్దీ వేళ దానికి దక్కేది 24 నుంచి సుమారు 18.7 గిగాహెర్ట్జ్‌కు పడిపోతుంది. నష్టపోయిన శాఖకు ఏ సమాచారమూ అందదు, దస్త్రంలో ఏ మార్పూ కనిపించదు. "మా సర్వర్‌లో ఏమీ మార్చలేదు, అయినా నెమ్మదించింది" అని శాఖాధికారులు చెప్పే మాటలో అసత్యం లేకపోవచ్చు.

ఇటువంటి పలుచబాటుకు విరుగుడు రిజర్వేషన్. ఇది నిష్పత్తి కాదు, హామీ. ఫలానా మెషిన్‌కు 15 గిగాహెర్ట్జ్ రిజర్వేషన్ ఉన్నదంటే ఎంత రద్దీ ఉన్నా, ఎందరు కొత్తగా వచ్చి చేరినా, అది కోరినప్పుడు అంతవరకు లభించి తీరవలసిందే. ఆ హామీని నిలబెట్టుకోగల సామర్థ్యం లేని సర్వర్‌పై ఆ మెషిన్‌ను ప్రారంభించడానికి హైపర్‌వైజర్ నిరాకరిస్తుంది. ఇది ఎంతో నిజాయితీ గల నిరాకరణ అని చెప్పాలి. సేవ మధ్యలో కుంటుపడేకన్నా ముందుగానే "స్థలం లేదు" అని తెలియడం మేలు. అయితే ప్రతి శాఖా రిజర్వేషన్ కోరితే ఉమ్మడి సర్వర్ అన్న భావనకే అర్థం ఉండదు. కొద్ది సేవలకు మాత్రమే, అదీ కొలిచిన అవసరం మేరకే రిజర్వేషన్ ఇవ్వడం సమంజసం.

పేరు గొప్ప, వాటా చిన్న

మెషిన్లు వందల సంఖ్యలో ఉన్నప్పుడు ఒక్కొక్కదానికి విడివిడిగా షేర్లు నిర్ణయించడం కష్టం. అందువల్ల వాటిని రిసోర్స్ పూల్ అనే సమూహాలుగా కూర్చి, సమూహానికి షేర్లు ఇస్తారు. అత్యవసర సేవలకు ఒక పూల్, పరీక్షా దశలోని అప్లికేషన్లకు మరొక పూల్ అన్న విభజన కాగితంపై ఎంతో చక్కగా కనిపిస్తుంది. అనుభవజ్ఞులైన ఇంజనీర్లు సైతం పొరబడేది ఇక్కడే.

వీఎంవేర్ విధానంలో ఒక పూల్‌కు ఎక్కువ స్థాయి ఇస్తే దానికి 8000, తక్కువ స్థాయి ఇస్తే 2000 ప్రాసెసర్ షేర్లు లభిస్తాయి. లోపల ఎన్ని మెషిన్లు ఉన్నాయన్నదానితో ఈ సంఖ్యకు నిమిత్తం లేదు. అత్యవసర పూల్‌లో 40 మెషిన్లు, పరీక్షా పూల్‌లో 4 మెషిన్లు, అన్నీ ఒకే పరిమాణంలో ఉన్నాయని అనుకుందాం. పూర్తి రద్దీలో అత్యవసర పూల్‌కు 80 శాతం, పరీక్షా పూల్‌కు 20 శాతం సామర్థ్యం చేరుతుంది. ఇప్పుడు తలసరి లెక్క వేస్తే అత్యవసర పూల్‌లోని ఒక్కొక్క మెషిన్‌కు 2 శాతం, పరీక్షా పూల్‌లోని ఒక్కొక్క మెషిన్‌కు 5 శాతం వస్తుంది. ఎవరూ వాడని పరీక్షా అప్లికేషన్‌కు, లక్షలాది ప్రజలు వాడే సేవకన్నా రెండున్నర రెట్లు! పెద్ద కుటుంబానికి పెద్ద గిన్నెడు అన్నం ఇచ్చామనుకుని తినే నోళ్లను లెక్కించకపోవడం వంటిదే ఇది.

విచిత్రమేమంటే ఈ లోపం ఏ తనిఖీలోనూ సులభంగా బయటపడదు. తనిఖీ అధికారి తెరపై "అత్యవసర పూల్: ఎక్కువ" అని చూసి సంతృప్తి చెందుతారు. రద్దీ లేని రోజున అన్ని మెషిన్లూ వేగంగానే ఉంటాయి. పైగా కొత్త అత్యవసర సేవలను ఆ పూల్‌లో చేర్చిన కొద్దీ తలసరి వాటా ఇంకా తరుగుతుంది. అంటే ప్రభుత్వం ఎన్ని సేవలను ముఖ్యమైనవిగా గుర్తిస్తే వాటిలో ప్రతి ఒక్కటీ అంతగా బలహీనపడుతుంది. లోపలి మెషిన్ల సంఖ్యను బట్టి పూల్ షేర్లు వాటంతట అవే పెరిగే వెసులుబాటును వీఎంవేర్ 2020లో విడుదలైన విస్ఫియర్ 7లో ప్రవేశపెట్టింది. కాని అది ఎవరైనా ప్రత్యేకంగా ఎంచుకుంటేనే అమలులోకి వస్తుంది.

మెమొరీ విషయంలో

ప్రాసెసర్ సమయాన్ని క్షణంలో ఒకరి నుంచి మరొకరికి మార్చవచ్చు. మెమొరీ అటువంటిది కాదు. ఒకసారి ఒక మెషిన్ చేతికి వెళ్లిన మెమొరీని వెనుకకు రప్పించడం కష్టం, ఎందుకంటే అందులో ఏది ముఖ్యమో ఏది కాదో హైపర్‌వైజర్‌కు తెలియదు. ఈ చిక్కుకు 2002లో వీఎంవేర్ ఇంజనీరు కార్ల్ వాల్డ్‌స్పర్జర్ ప్రచురించిన పరిశోధనా పత్రం ఒక చతురమైన మార్గాన్ని వివరించింది. వర్చువల్ మెషిన్ లోపల 'బెలూన్' అనే చిన్న ప్రోగ్రామ్‌ను ఉంచుతారు. హోస్టుకు మెమొరీ అవసరమైనప్పుడు ఆ బెలూన్ ఉబ్బి లోపలి మెమొరీని ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి లోపలి ఆపరేటింగ్ సిస్టం తనకు అంతగా అవసరం లేని భాగాలను తానే విడిచిపెడుతుంది. ఇంటి యజమానే ఏ సామాను తీసివేయాలో నిర్ణయించుకున్నట్లు అన్నమాట.

అదే పత్రంలో ఖాళీ మెమొరీపై 'పన్ను' కూడా ప్రతిపాదించారు. మెమొరీని తీసుకుని వాడకుండా ఉంచుకున్న మెషిన్‌కు వాటా లెక్కలో భారం ఎక్కువగా పడుతుంది. అందులో సాధారణంగా పాటించే రేటు 75 శాతం. అంటే ఖాళీగా పడి ఉన్న ఒక పేజీకి, వాడకంలో ఉన్న పేజీతో పోలిస్తే నాలుగు రెట్లు లెక్కకడతారు. ఎక్కువ షేర్లున్నాయి కదా అని మెమొరీని ఊరకే పట్టుకుని కూర్చున్నవారి నుంచి, తక్కువ షేర్లున్నా నిజంగా పని చేస్తున్నవారికి అది చేరేందుకు ఈ ఏర్పాటు. బెలూన్‌తో కూడా లోటు తీరకపోతే మెమొరీని కుదించడం, అటుపై డిస్కుపైకి నెట్టివేయడం జరుగుతుంది. ఈ చివరి దశను స్వాపింగ్ అంటారు. మెమొరీకన్నా డిస్కు ఎన్నో రెట్లు నెమ్మది కనుక ఆ దశకు చేరిన మెషిన్ సాంకేతికంగా నడుస్తూనే ఉన్నా కౌంటరు ముందు నిలబడిన వ్యక్తికి మాత్రం ఆగిపోయినట్లే లెక్క.

ఒకే రకమైన ఆపరేటింగ్ సిస్టం గల మెషిన్ల మధ్య ఒకే విధంగా ఉన్న మెమొరీ పేజీలను ఉమ్మడిగా ఉంచి ఆదా చేసే పద్ధతి కూడా ఒకప్పుడు ప్రసిద్ధమే. కాని దాని ద్వారా ఒక మెషిన్ నుంచి మరొక దాని రహస్యాలు పసిగట్టే అవకాశం ఉన్నదని పరిశోధకులు చూపడంతో 2014 చివరి నుంచి వీఎంవేర్ వేర్వేరు మెషిన్ల మధ్య ఆ పంపకాన్ని సహజస్థితిలో నిలిపివేసింది. పాత అంచనాలను ఆధారం చేసుకుని ఇంత మెమొరీ ఆదా అవుతుందని నేడు ప్రతిపాదనలు పంపడం సరికాదు.

మూడో సాధనమైన లిమిట్ గురించి అధికారులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. లిమిట్ అంటే గరిష్ఠ పరిమితి; హోస్టులో ఎంత ఖాళీ ఉన్నా దానికి మించి ఇవ్వరాదు. చాలా చోట్ల కొత్త మెషిన్లను ఒక నమూనా నుంచి తయారు చేస్తారు. ఆ నమూనాలో ఎప్పుడో పెట్టిన 4 గిగాబైట్ల మెమొరీ లిమిట్ మిగిలిపోయి ఉంటే, తరువాత శాఖ నిధులు వెచ్చించి ఆ మెషిన్‌కు 16 గిగాబైట్ల మెమొరీ మంజూరు చేయించుకున్నా, దానికి అసలైన మెమొరీ 4 గిగాబైట్లకు మించి దక్కదు. మిగిలినది బెలూన్ పాలు, లేదా డిస్కు పాలు. లోపలి నుంచి చూస్తే 16 అనే కనిపిస్తుంది. బిల్లులోనూ 16 అనే ఉంటుంది. హోస్టులో మెమొరీ ఖాళీగా ఉండగానే ఆ సేవ నత్తనడక నడుస్తుంది. ఆడిట్ అభ్యంతరం రావడానికి తగిన విషయమే అయినా, ఆడిట్ బృందాలు ఈ అంకెను చూపమని అడగడం అరుదు.

ఎదురుచూపుల కొలత

ప్రాసెసర్ కోసం మెషిన్ ఎంతసేపు వేచి ఉన్నదో తెలిపే కొలతను 'సీపీయూ రెడీ' అంటారు. పని సిద్ధంగా ఉన్నది, చేయడానికి మెషిన్ సిద్ధంగా ఉన్నది, కాని కోర్ ఖాళీ లేదు. ఆ నిరీక్షణే ఈ కొలత. కాలువ చివరి భూముల రైతు తూము తెరుచుకుని నీటి కోసం చూస్తున్న సమయం వంటిది. లినక్స్ మెషిన్ల లోపలి నుంచి ఇదే విషయం 'స్టీల్' అన్న పేరుతో కనిపిస్తుంది. వీఎంవేర్ ప్రత్యక్ష పట్టికలలో 20 సెకన్లకు ఒకసారి ఈ విలువ మిల్లీసెకన్లలో నమోదవుతుంది. ఒక వర్చువల్ ప్రాసెసర్‌కు 1000 మిల్లీసెకన్లు అంటే 5 శాతం నిరీక్షణ. 10 శాతం దాటితే వినియోగదారుకు తేడా తెలుస్తుందన్నది ఈ రంగంలోని వారు సాధారణంగా చెప్పే మాట.

ఈ కొలత పెరగడానికి శాఖల అలవాట్లు కూడా కొంత కారణం. నాలుగు వర్చువల్ ప్రాసెసర్లు సరిపోయే అప్లికేషన్‌కు "ఎందుకైనా మంచిది" అని పదహారు కోరడం ఇండెంట్ల విషయంలో మనకు కొత్త కాదు. భౌతిక సర్వర్ విషయంలో దీనివల్ల డబ్బు మాత్రమే వృథా అవుతుంది. ఉమ్మడి సర్వర్‌లో మాత్రం అది పొరుగువారికి, చివరకు కోరినవారికి కూడా ఇబ్బందే. ఎక్కువ ప్రాసెసర్లు గల మెషిన్ పని సజావుగా సాగాలంటే అవన్నీ దాదాపు సమానంగా ముందుకు సాగాలి కనుక, రద్దీ సర్వర్‌పై ఒకేసారి ఎక్కువ కోర్లు ఖాళీ అయ్యేవరకు అది ఆగవలసి రావచ్చు. తగ్గించిన తరువాత వేగం పెరిగిందంటే నమ్మని అధికారులు ఎందరో ఉంటారు. కాని యంత్రాంగం పనిచేసే తీరు అదే.

'సర్వర్ డౌన్' అన్న ఒక్క మాట కింద వేర్వేరు స్థితులు కలిసిపోతున్నాయన్నది గమనార్హం. మెషిన్ నిజంగా ఆగిపోవడం ఒకటి, ప్రాసెసర్ వంతు కోసం వేచి ఉండటం ఒకటి, మెమొరీ డిస్కుకు వెళ్లిపోవడం మరొకటి. డేటాబేస్, నెట్‌వర్క్ లోపాలు వీటికి అదనం. నిర్వహణ ఒప్పందాలలో రాసుకునే లభ్యతా శాతం మొదటి స్థితిని మాత్రమే లెక్కిస్తుంది. వంతు కోసం మధ్యాహ్నమంతా వేచి ఉన్న మెషిన్ ఆ లెక్కలో నూటికి నూరు శాతం 'నడుస్తున్నట్లే' నమోదవుతుంది. దీనివల్ల గుత్తేదారుకు జరిమానా పడదు, పౌరునికి పని జరగదు.

ఒత్తిడి ఎంత అకస్మాత్తుగా రాగలదో చెప్పడానికి కోవిన్ అనుభవం చాలు. 18 నుంచి 44 సంవత్సరాల వయస్సు వారికి కోవిడ్ టీకా నమోదును 2021 ఏప్రిల్ 28వ తేదీ సాయంత్రం 4 గంటలకు ప్రారంభించగా మొదట్లో అంతరాయాలు తలెత్తాయి. అయినా ఆ ఒక్క రోజులోనే కోటి మందికి పైగా నమోదు చేసుకున్నారు. గంటకు సగటు ఎంత అన్న లెక్కపై కేటాయింపులు చేసేవారికి అటువంటి సాయంత్రం అందులో కనిపించదు.

పెరుగుతున్న ధర, తరుగుతున్న వెసులుబాటు

ఈ విషయాన్ని ఇప్పుడు చర్చించవలసిన మరొక కారణం ఉన్నది. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ వీఎంవేర్‌ను స్వాధీనం చేసుకుని, అదే సంవత్సరం డిసెంబరులో శాశ్వత లైసెన్సుల విక్రయాన్ని నిలిపివేసింది. ఇకపై చందా పద్ధతే. అదీ కోర్ల లెక్కన, ప్రాసెసర్‌కు కనీసం 16 కోర్ల చొప్పున. కోర్‌కు ఇంత అని చెల్లించవలసి వచ్చినప్పుడు తక్కువ కోర్లపై ఎక్కువ మెషిన్లను సర్దాలన్న ఆలోచన ఏ ఆర్థిక విభాగానికైనా సహజంగా వస్తుంది. ఆ సర్దుబాటు ఖర్చు పద్దులో పొదుపుగా వెంటనే కనిపిస్తుంది, సీపీయూ రెడీ పెరుగుదలగా ఎవరూ చూడని పట్టికలో నమోదవుతుంది. కేవీఎం ఆధారిత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు మళ్లడం ఒక మార్గమే. అయితే ప్రాధాన్యతల ప్రశ్న దానితో తీరదు, పాత అంకెలు వాటంతట అవే కొత్త చోటుకు సరిగా బదిలీ కావు.

ప్రైవేటు క్లౌడ్‌కు వెళ్లినా ఇదే ప్రశ్న ఒప్పందం భాషలో ఎదురవుతుంది. అమెజాన్ సంస్థ 2014లో ప్రవేశపెట్టిన టీ2 తరగతి మెషిన్లలో ఒకటైన టీ2 మైక్రోకు ఒక వర్చువల్ ప్రాసెసర్ ఉన్నా, నిరంతరంగా వాడుకోదగినది అందులో 10 శాతమే. గంటకు 6 క్రెడిట్లు జమ అవుతాయి. ఒక క్రెడిట్ అంటే ఒక నిమిషం పూర్తి వేగం. జమ అయిన క్రెడిట్లు ఖర్చయితే వేగం మళ్లీ 10 శాతానికి పడిపోతుంది. ఇందులో దాపరికం లేదు, షరతులన్నీ స్పష్టంగా ప్రకటించినవే. టెండరు పత్రంలో 'ఒక ప్రాసెసర్' అని మాత్రమే రాసి తక్కువ ధరను ఎంచుకునేవారే దీనిని చదవవలసి ఉంటుంది.

ఏ సేవ మొదటి శ్రేణి, ఏది చివరి శ్రేణి అన్నది డేటా సెంటర్ ఆపరేటరు నిర్ణయించదగిన విషయం కాదు. రాత్రి విధుల్లో ఉన్న ఇంజనీరుకు రెండు శాఖల నుంచి ఒకేసారి ఫోన్లు వస్తే, గట్టిగా మాట్లాడినవారి మెషిన్‌కే షేర్లు పెరుగుతాయి. ఆ పెంపు తరువాత ఎవరూ తగ్గించరు. కొంతకాలానికి అన్నీ 'ఎక్కువ' స్థాయికి చేరి, అందరూ సమానమై, ప్రాధాన్యం అన్న మాటే మిగలదు. శాఖల కార్యదర్శుల స్థాయిలో శ్రేణులు నిర్ణయించి, ఉత్తర్వుగా జారీ చేసి, రిజర్వేషన్లు, లిమిట్‌ల పట్టికను దానికి జతచేసి, కొత్త మెషిన్ చేర్చిన ప్రతిసారీ పాతవారి తలసరి వాటా ఎంతకు తగ్గినదో తెలియజేసే ఏర్పాటు ఉండాలి. ఫలితాల విడుదల, ప్రవేశాల కౌన్సెలింగ్, దరఖాస్తుల చివరి తేదీ వంటివి ముందుగా తెలిసినవే కనుక ఆయా రోజులకు తాత్కాలిక ప్రాధాన్యం ఇచ్చి, గడువు ముగియగానే రద్దయ్యేలా అదే ఉత్తర్వులో తేదీలు పేర్కొనవచ్చును. ఆ జాబితా ప్రతి ఒకటి కాగితంపై, డేటా సెంటర్ వెలుపల ఉండటం ఎంత అవసరమో కొరియా అనుభవం చూపింది.

పాత్రికేయులు అడగదగిన వివరాలు కూడా ఇవే. సేవ నెమ్మదించిన గంటలో ఆ మెషిన్ సీపీయూ రెడీ ఎంత, స్వాపింగ్ జరిగిందా, దానికి రిజర్వేషన్ ఉన్నదా, లిమిట్ ఉన్నదా, అది ఏ పూల్‌లో ఎన్ని మెషిన్లతో కలిసి ఉన్నది, ఆ అంకెలను ఏ ఉత్తర్వు ప్రకారం నమోదు చేశారు? మిల్లీసెకన్లలో జవాబు వస్తే అది ఎన్ని సెకన్ల పట్టికలోనిదో తప్పక అడగాలి. 20 సెకన్ల పట్టికలో 5 శాతమైన అదే 1000 మిల్లీసెకన్లు, 5 నిమిషాల పట్టికలో అర శాతం కూడా కాదు.

వీటిని ఆలస్యం చేయకుండా అడగడం కూడా అవసరం. వీఎంవేర్ నిర్వహణ సర్వర్‌లో మార్పు చేయకపోతే 20 సెకన్ల వివరాలు సుమారు ఒక గంట మాత్రమే నిలుస్తాయి. ఆ తరువాత ఒక రోజు వరకు 5 నిమిషాల లెక్కన, ఒక వారం వరకు అరగంట లెక్కన, ఒక నెల వరకు 2 గంటల లెక్కన కుదించి ఉంచుతారు. పది నిమిషాల పాటు స్తంభించిన కౌంటరు వివరం నెల తరువాతి పట్టికలో రెండు గంటల సగటులో కలిసిపోతుంది. అందువల్ల అంతరాయం ఏర్పడిన గంటలోనే ఆ పట్టికను భద్రపరచి దస్త్రంలో చేర్చవలసిందిగా నిర్వహణ సంస్థలకు ఒప్పందంలోనే షరతు విధించవచ్చును.